గదిలో మనిషి ఉన్నాడా? రాడార్ సెన్సర్ కొనేముందు సీలింగ్ ఫ్యాన్‌ను చూడాలి

మనిషి రాగానే వెలిగే దీపాలు ఇప్పుడు వింత కాదు. కొత్త అపార్ట్‌మెంట్ల మెట్ల దగ్గర, కార్యాలయాల మరుగుదొడ్లలో, ఆసుపత్రి వరండాల్లో అవి మామూలైపోయాయి. వాటితో వచ్చే ఇబ్బంది కూడా అంతే మామూలైపోయింది. కదలకుండా కూర్చుని చదువుకుంటున్న మనిషి నెత్తిన దీపం ఉన్నట్టుండి ఆరిపోతుంది. చేయి పైకెత్తి ఊపితే మళ్లీ వెలుగుతుంది. వయసులో ఉన్నవారికి ఇది చిరాకు తెప్పించే విషయం. రాత్రివేళ స్నానాల గదిలో ఉన్న డెబ్బై ఏళ్ల వృద్ధురాలికి ఇది ప్రమాదకరమైన విషయం. తడి నేల మీద, చీకట్లో, ఒక చేత్తో గోడ పట్టుకుని సెన్సర్‌కు కనబడేలా రెండో చేయి ఊపాల్సిన అవసరం ఏ ఇంట్లోనూ రాకూడదు.

ఈ లోపాన్ని సరిదిద్దుతామంటూ కొన్నేళ్లుగా మరో రకం పరికరం మార్కెట్లోకి వస్తోంది. మిల్లీమీటరు తరంగాల రాడార్‌తో పనిచేసే ఉనికి సెన్సర్ అది. నిశ్చలంగా కూర్చున్న మనిషి ఊపిరి తీసినప్పుడు ఛాతీ పొంగడాన్ని, వదిలినప్పుడు తగ్గడాన్ని కూడా ఇది పసిగడుతుందని తయారీదారులు చెబుతారు. ఆ మాట నిజమే. చిక్కల్లా ఆ సున్నితత్వంలోనే ఉంది. ఊపిరిని చూడగలిగిన కన్నుకు తిరిగే ఫ్యాన్ రెక్క, ఊగే కర్టెన్ మరింత బాగా కనిపిస్తాయి. మనుషులు వెళ్లిపోయినా ఫ్యాన్ తిరుగుతూ ఉంటే గదిలో ఎవరో ఉన్నారని సెన్సర్ తీర్మానిస్తుంది. ఎవరో ఉన్నారు గనుక ఫ్యాన్‌ను ఆపదు. తనను తానే తిప్పుకుంటున్న ఆ ఫ్యాన్ తెల్లవారేదాకా తిరుగుతుంది.

అందువల్ల ఈ పరికరాన్ని ఎన్నుకోవడం పెట్టె మీద ముద్రించిన అంకెలతో తేలే పని కాదు. గది కప్పు, గోడ, ఫ్యాన్, కరెంటు తీరు చూసుకుని ఎన్నుకోవలసిన పని.

పాత సెన్సర్ ఎక్కడ తప్పుతోంది

ప్రస్తుతం ఎక్కువగా వాడుకలో ఉన్నది పీఐఆర్ అనే పొట్టిపేరుతో పిలిచే పాసివ్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్. గోడ మూలనో, కప్పు మీదనో గీతలు గీసినట్టుండే తెల్లని చిన్న ప్లాస్టిక్ గోపురం కనిపిస్తే అది ఇదే. ఇది తనంతట తాను ఏ తరంగాన్నీ పంపదు. మనిషి శరీరం నుంచి వెలువడే వేడిని, అంటే పరారుణ వికిరణాన్ని మాత్రమే అందుకుంటుంది. ఆ గోపురంలోని కటకాలు గదిని కొన్ని పట్టీలుగా విడదీస్తాయి. మనిషి ఒక పట్టీ నుంచి మరో పట్టీకి దాటినప్పుడు అందే వేడిలో మార్పు వస్తుంది. సెన్సర్ గమనించేది ఆ మార్పునే. మార్పు లేకపోతే దాని లెక్కలో మనిషి లేనట్టే.

మన ప్రాంతంలో దీనికి మరో పరిమితి కూడా ఉంది. పీఐఆర్ పనిచేయాలంటే శరీర ఉపరితలానికీ వెనుక ఉన్న గోడకూ మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఉండాలి. చర్మం ఉపరితలం సాధారణంగా 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం గోడలు కూడా అంతే కాగిపోతాయి. తేడా తగ్గినకొద్దీ సెన్సర్‌కు మనిషి గోడలో కలిసిపోతాడు. చల్లని దేశాల్లో చక్కగా పనిచేసే పరికరం మన వేసవిలో మందకొడిగా మారడానికి కారణం ఇది. సెన్సర్ చెడిపోయిందనుకుని మార్చేవారు చాలామందే ఉంటారు. చెడింది సెన్సర్ కాదు, వాతావరణం అనుకూలించలేదు.

అయినా పీఐఆర్‌ను తీసిపారేయడం తొందరపాటే అవుతుంది. అది చౌక. నాణెమంత బ్యాటరీతో నెలల తరబడి నడుస్తుంది. గదిలోకి అడుగుపెట్టగానే స్పందిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, గది ఉష్ణోగ్రతలోనే ఉండే ఫ్యాన్ రెక్కలను అది పట్టించుకోదు.

రాడార్ ఏం చేస్తుంది

రాడార్ అనగానే తెలుగు శ్రోతలకు తుపాను వార్తలు, వాటితోపాటు మచిలీపట్నం, విశాఖపట్నంలోని డాప్లర్ వాతావరణ రాడార్లు గుర్తుకొస్తాయి. ఇంటి గోడకు తగిలించే సెన్సర్ ప్రాథమిక సూత్రమూ అదే. రేడియో తరంగాన్ని పంపుతుంది, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని పోల్చి చూస్తుంది. తేడా పరిమాణంలో ఉంది. వేలెడు పొడవున్న సర్క్యూట్ బోర్డు మీదే దీని యాంటెన్నా రాగి చతురస్రాల రూపంలో ముద్రించి ఉంటుంది. ఇది చూసేది కొన్ని మీటర్ల దూరం మాత్రమే.

అమ్మకంలో ఉన్నవాటిలో ప్రధానంగా మూడు పౌనఃపున్యాలు కనిపిస్తాయి: 5.8, 24, 60 గిగాహెర్ట్జ్. వీటి తరంగదైర్ఘ్యాలు వరుసగా సుమారు 52, 12.5, 5 మిల్లీమీటర్లు. ఈ అంకెల తేడా ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఛాతీ 1 మిల్లీమీటరు ముందుకు కదిలితే తరంగం వెళ్లి వచ్చే దారి 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 5.8 గిగాహెర్ట్జ్ తరంగంలో అది ఇరవై ఆరో వంతు. 24 గిగాహెర్ట్జ్ తరంగంలో ఆరో వంతు. 60 గిగాహెర్ట్జ్ తరంగంలో సగానికి కాస్త తక్కువ. మామూలు శ్వాసలో ఛాతీ కదిలేది కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి, తరంగం పొట్టిదైన కొద్దీ నిశ్చలంగా ఉన్న మనిషి స్పష్టమవుతాడు.

పౌనఃపున్యం ఒక్కటే చాలదు. తరంగాన్ని పంపే పద్ధతి కూడా చూడాలి. ‘మైక్రోవేవ్ సెన్సర్’ అని రాసి ఉండే చౌక ఎల్ఈడీ దీపాల్లో సాధారణంగా ఉండేది ఒకే పౌనఃపున్యాన్ని నిరంతరం పంపే డాప్లర్ రకం. అది వేగాన్ని గుర్తిస్తుంది గానీ దూరాన్ని చెప్పలేదు. కదిలే వస్తువు రెండు మీటర్ల దూరంలో ఉందో, ప్లైవుడ్ తలుపు అవతల వరండాలో ఉందో దానికి తెలియదు. పౌనఃపున్యాన్ని క్రమంగా పెంచుతూ పంపే ఎఫ్ఎంసీడబ్ల్యూ రకం దూరాన్ని కూడా లెక్కిస్తుంది. ఇంట్లో గదుల కోసం కొనేటప్పుడు ఈ నాలుగు అక్షరాలు వివరాల పట్టికలో ఉన్నాయా లేవా అన్నది మొదట చూసుకోవాలి. లేకపోతే ధర ఎంత తక్కువైనా పక్కన పెట్టడమే మేలు.

దూరాన్ని ఎంత సన్నగా విడదీసి చూడగలదన్నది వాడే పౌనఃపున్య పట్టీ వెడల్పు మీద ఆధారపడుతుంది. 24 గిగాహెర్ట్జ్ దగ్గర అందుబాటులో ఉన్న పట్టీ 250 మెగాహెర్ట్జ్ మాత్రమే. దానితో సుమారు 60 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువులను దూరాన్ని బట్టి వేరుచేయడం సాధ్యం కాదు. 60 గిగాహెర్ట్జ్ దగ్గర 4 గిగాహెర్ట్జ్ వెడల్పు వాడుకుంటే ఆ విడదీత 4 సెంటీమీటర్లకు దిగుతుంది. కుర్చీలో మనిషినీ, ఆ పక్కనే కిటికీకి ఊగే తెరనూ వేర్వేరుగా చూడాలంటే ఈ తేడా పనికొస్తుంది.

ఈ తరంగాలకు మన దేశంతో పాత అనుబంధం ఉంది. 1890ల మధ్యలో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్రబోస్ 5 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు రేడియో తరంగాలను పుట్టించి ప్రయోగాలు చేశారు. నేటి లెక్కలో అది 60 గిగాహెర్ట్జ్. సవా శతాబ్దం గడిచాక, 2019లో గూగుల్ సంస్థ అదే పౌనఃపున్యంలో పనిచేసే చిన్న రాడార్‌ను పిక్సెల్ 4 ఫోన్‌లో అమర్చి విడుదల చేసింది. భారతదేశంలో ఆ ఫోన్ అమ్మకానికే రాలేదు. ఆ తరంగపట్టీని అప్పట్లో ఇక్కడ అలాంటి వినియోగానికి అనుమతించకపోవడమే అందుకు కారణం.

ఈ ఉదంతం కొనుగోలుదారుకు నేరుగా సంబంధించినది. విదేశీ వెబ్‌సైట్ల నుంచి తెప్పించుకున్న సెన్సర్ పనిచేసినంత మాత్రాన ఇక్కడ వాడకానికి అనుమతి ఉన్నట్టు కాదు. టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం లైసెన్సు అక్కరలేని తరంగపట్టీల్లో పనిచేసే పరికరాలకు ‘ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్’ ఇస్తుంది. దేశంలో అమ్మే వ్యాపారి దగ్గర ఆ పత్రం సంఖ్య ఉండాలి. అడిగితే చెప్పగలగాలి.

ఫ్యాన్ సంగతి

ఇంటి ఆటోమేషన్ గురించి ఆంగ్లంలో వచ్చే సలహాలు ఎక్కువగా అమెరికా, ఐరోపా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అక్కడ పడకగదిలో ఏడాదికి తొమ్మిది నెలలు సీలింగ్ ఫ్యాన్ తిరగదు. ఇక్కడ తిరుగుతుంది. కాబట్టి అక్కడ చిన్న అక్షరాల్లో ఉండే హెచ్చరిక ఇక్కడ మొదటి వాక్యం కావాలి.

ఫ్యాన్ రెక్క చాలావరకు అల్యూమినియం. లోహం రేడియో తరంగాలను దాదాపు పూర్తిగా తిప్పి పంపుతుంది. ఏటవాలుగా ఉన్న ఆ రెక్కలు తిరుగుతూ ప్రతిక్షణం సెన్సర్ వైపు, దూరంగా మారుతూ ఉంటాయి. మనిషి ఛాతీ నుంచి వచ్చే బలహీనమైన ప్రతిధ్వని ముందు ఇది పెళ్లి ఊరేగింపు బ్యాండుమేళం లాంటిది. ప్లాస్టిక్ రెక్కలైతే ప్రతిధ్వని కొంత తగ్గుతుంది, పోదు.

దీనికి మొదటి పరిష్కారం పరికరంలో కన్నా దాన్ని పెట్టే చోటులో ఉంది. చాలామంది సెన్సర్‌ను కప్పుకు బిగిస్తారు. పీఐఆర్‌కు అది సరైన చోటే. రాడార్‌కు మాత్రం కప్పు మీద ఉంటే ఫ్యాన్ దాదాపు అదే ఎత్తులో పక్కనే కనిపిస్తూ ఉంటుంది. గోడకు, నేల నుంచి మీటరున్నర ఎత్తున, కూర్చునే చోటుకు లేదా మంచానికి ఎదురుగా పెడితే ఫ్యాన్ దాని చూపు అంచుకు జరుగుతుంది. చాలా సెన్సర్ల చూపు మధ్య గీతకు ఇరువైపులా 60 డిగ్రీల వరకు విచ్చుకుంటుంది గనుక ముఖాన్ని కొద్దిగా కిందికి వంచి బిగించడం ఇంకా మంచిది. పడకగదిలో మంచం కాళ్ల వైపు గోడ అనువైనది. మంచం పక్కన పెడితే వెల్లకిలా పడుకున్న మనిషి ఛాతీ పైకీ కిందికీ కదులుతుంది, సెన్సర్ వైపు కదలదు. దుప్పటి, దోమతెర తరంగాలకు పెద్ద అడ్డంకి కావు. అయితే ఫ్యాన్ గాలికి దోమతెర అల్లాడుతుంటే అది కూడా కదలికగానే నమోదవుతుంది.

రెండో పరిష్కారం పరికరాన్ని సవరించుకునే వీలు. ఎఫ్ఎంసీడబ్ల్యూ సెన్సర్లలో మంచివి తమ ముందున్న దూరాన్ని మెట్లుగా విభజించి, ఒక్కో మెట్టుకు ఒక్కో సున్నితత్వాన్ని పెట్టుకోనిస్తాయి. ఉదాహరణకు హై-లింక్ సంస్థ తయారుచేసే ఎల్‌డీ-2410 అనే 24 గిగాహెర్ట్జ్ బోర్డు 75 సెంటీమీటర్ల చొప్పున మెట్లు కడుతుంది. కదిలే మనిషికీ, నిశ్చలంగా ఉన్న మనిషికీ విడివిడిగా సున్నితత్వం అమర్చవచ్చు. ఫ్యాన్ రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే ఆ మెట్టును మందగింపజేస్తే సరిపోతుంది. మనిషి కుర్చీ కూడా అదే దూరంలో ఉంటే ఈ ఉపాయం పారదు. ఫ్యాన్‌తోపాటు మనిషి కూడా మాయమవుతాడు. అప్పుడు కుర్చీనైనా జరపాలి, సెన్సర్‌నైనా జరపాలి.

మూడోది, దూరంతోపాటు దిశను కూడా చెప్పగల పరికరాన్ని కొనడం. అదే సంస్థ ఎల్‌డీ-2450 బోర్డు ఒకేసారి ముగ్గురి వరకు ఎవరు ఎక్కడున్నారో నేలపటం మీద చుక్కల్లా చూపిస్తుంది. ఫ్యాన్ ఉన్న భాగాన్ని గీత గీసి మినహాయించవచ్చు. నడిచే మనిషిని వెంబడించడంలో ఇది దిట్ట. చాలాసేపు కదలక కూర్చున్నవారి విషయంలో 2410 అంత నమ్మకమైనది కాదు. రెండు గుణాలూ కావాలనుకునేవారు 60 గిగాహెర్ట్జ్ సిద్ధ పరికరాల వైపు చూస్తారు. 2023లో వచ్చిన అకారా ఎఫ్‌పీ-2 ఆ కోవలోది. గదిని 30 మండలాల వరకు విభజించుకోనిస్తుంది, ఐదుగురి వరకు గుర్తిస్తుంది. సోఫా మీద ఎవరైనా ఉంటే ఒక దీపం, భోజనాల బల్ల దగ్గర ఉంటే మరో దీపం వెలిగేలా ఏర్పాటు చేసుకోవడానికి ఇలాంటిది కావాలి.

ఫ్యాన్ ఒక్కటే కాదు. ఏసీ గాలికి ఊగే తెరలు, వానాకాలంలో గదిలో తాడు మీద ఆరేసిన చీరలు, తల తిప్పే టేబుల్ ఫ్యాన్, వేసవి కూలర్, లోలకమున్న గోడ గడియారం అన్నీ రాడార్‌కు మనుషులే. పెంపుడు కుక్క, పిల్లి సరేసరి.

గోడ అవతలి మనిషి

పీఐఆర్ గోడను, చివరకు కిటికీ అద్దాన్ని కూడా దాటి చూడలేదు. రాడార్ సన్నని ప్లాస్టిక్‌ను, జిప్సం బోర్డును, చెక్క తలుపును, అద్దాన్ని కొంతవరకు దాటిపోతుంది. ఇది లాభమూ, నష్టమూ. లాభమేమంటే సెన్సర్‌ను ప్లాస్టిక్ స్విచ్‌బోర్డు పలక వెనుక కనబడకుండా దాచవచ్చు. నష్టమేమంటే జిప్సం అడ్డుగోడలున్న ఫ్లాట్లలో పక్క గదిలో నడిచేవారికి ఈ గదిలో దీపం వెలుగుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలున్న పాత ఇళ్లలో ఈ బాధ చాలా తక్కువ. తరంగం పొట్టిదైన కొద్దీ గోడలో ఇంకిపోవడం ఎక్కువ కాబట్టి సన్నని గోడల ఇళ్లకు 60 గిగాహెర్ట్జ్ మెరుగు. గోద్రెజ్ బీరువా లాంటి పెద్ద లోహపు వస్తువు సెన్సర్‌కు ఎదురుగా ఉంటే తరంగం దాని మీద పడి తిరిగి, చూడకూడని మూలలను కూడా చూపిస్తుంది. సెన్సర్‌కు బీరువా వీపు చూపించడం కుదరదు గనుక సెన్సర్‌నే పక్కకు తిప్పాలి.

బోర్డు కొనాలా, సిద్ధ పరికరం కొనాలా

విడి బోర్డు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దానికి ఈఎస్‌పీ-32 వంటి వైఫై బోర్డు, 5 వోల్టుల అడాప్టర్, ఒక ప్లాస్టిక్ డబ్బా జతచేయాలి. ఈఎస్‌పీ హోమ్, హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లతో వీటిని నడిపించవచ్చు. ఇంజినీరింగ్ విద్యార్థి ఉన్న ఇంటికి ఇది మంచి బేరం. తీగ అతకడం, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం చేతకాని ఇంటికి ఇది డబ్బా అడుగున చేరే వస్తువు. సిద్ధ పరికరాలకు కొన్ని వేలు పెట్టాలి. వాటిలోనూ ఒక భేదం గమనించాలి. కొన్ని తమ లెక్కలను ఇంట్లోనే చేసుకుంటాయి. మరికొన్ని ప్రతి సమాచారాన్నీ ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కు పంపి, అక్కడి నుంచి వచ్చే ఆదేశం కోసం ఎదురుచూస్తాయి. ఇంటర్నెట్ పోయిన రోజు స్నానాల గది దీపం వెలగకపోతే ఆ తెలివితేటలకు అర్థం లేదు.

జిగ్బీ ద్వారా అనుసంధానమయ్యే అతి చౌక రాడార్లలో కొన్ని క్షణక్షణానికీ దూరాన్ని ప్రకటిస్తూ నెట్‌వర్క్‌ను సందేశాలతో ముంచెత్తుతాయి. దానివల్ల ఇంట్లోని ఇతర జిగ్బీ స్విచ్‌లు నెమ్మదిస్తాయి. ఒకటి కొని వారం చూశాకే మిగతా గదులకు కొనడం వివేకం.

అన్నిటికన్నా తక్కువ తలనొప్పి తెచ్చేది రెండు సెన్సర్ల జత. దీపం వెలిగించే పని పీఐఆర్‌కు, వెలిగిన దీపాన్ని ఆరకుండా నిలిపే పని రాడార్‌కు అప్పగించాలి. ఖాళీ గదిలో తెర ఊగినంత మాత్రాన దీపం వెలగదు, ఎందుకంటే పీఐఆర్‌కు వేడి కనబడలేదు. మనిషి వచ్చి కదలక కూర్చుంటే దీపం ఆరదు, ఎందుకంటే రాడార్‌కు ఊపిరి కనబడుతోంది. రెండూ ఒకే డబ్బాలో ఉన్న పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. బ్యాటరీతో నడిచే రాడార్లు కూడా ఇదే ఉపాయంతో పనిచేస్తాయి. పీఐఆర్ లేపేదాకా రాడార్ నిద్రపోతుంది.

కరెంటు లెక్క

ఎక్కువ రాడార్ సెన్సర్లకు నిరంతరం విద్యుత్తు కావాలి. రాడార్ బోర్డు, వైఫై బోర్డు, అడాప్టర్ నష్టం అన్నీ కలిపి 1 వాట్ అనుకుంటే ఏడాదికి 8.76 యూనిట్లు. ఒక నడవాలో 20 వాట్ల ట్యూబ్‌లైట్ రోజుకో గంట అనవసరంగా వెలుగుతోందనుకుందాం. దాన్ని ఆపితే ఏడాదికి మిగిలేది 7.3 యూనిట్లు. ఆదా కన్నా సెన్సర్ తినేది ఎక్కువ. అక్కడ బ్యాటరీతో నడిచే పీఐఆర్ చాలు. 75 వాట్ల ఫ్యాన్ ఖాళీ గదిలో రోజుకు రెండు గంటల చొప్పున 240 రోజులు తిరగకుండా ఆపితే 36 యూనిట్లు. గంటకు ఒక యూనిట్ ఖర్చుచేసే ఏసీని వేసవిలో 120 రోజులపాటు రోజుకు ఒక గంట ముందే ఆపగలిగితే 120 యూనిట్లు. పొదుపు కోసమే కొనేవారు రాడార్‌ను మొదట పెట్టవలసింది ఏసీ గదిలో.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరుగుతుందన్నది కొనేముందు అడగాల్సిన మరో ప్రశ్న. సెన్సర్ మళ్లీ మొదలయ్యే ఆ కొద్ది క్షణాల్లో గది ఖాళీ అని ప్రకటిస్తే ఏసీ ఆగిపోతుంది. ఎవరో ఉన్నారని ప్రకటిస్తే అర్ధరాత్రి ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో సెన్సర్‌ను, వైఫై రౌటర్‌ను ఇన్వర్టర్ లైన్ మీదే ఉంచాలి. అడాప్టర్ మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. ఏళ్ల తరబడి గోడకు వేలాడే వస్తువులో ఆదా చేయకూడనిది అదే. 230 వోల్టుల తీగలతో ముడిపడిన ఏ పనైనా ఎలక్ట్రీషియన్‌కే వదిలిపెట్టాలి.

పెద్దవారు ఒంటరిగా ఉండే ఇళ్లు

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు ఊళ్లోని తల్లిదండ్రుల ఇంటికి ఈ సెన్సర్ల గురించి ఆరా తీస్తున్నారంటే అందుకు కారణం కరెంటు బిల్లు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కిందపడటం వల్ల ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారు. ప్రమాదవశాత్తు గాయాల మరణాల్లో ఇది రెండో ప్రధాన కారణం. అరవై దాటినవారికే ముప్పు ఎక్కువ. స్నానాల గదిలో కెమెరా పెట్టలేం. రాడార్‌కు ముఖం, ఒళ్లు కనబడవు. అందుకే ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది.

కొన్ని 60 గిగాహెర్ట్జ్ పరికరాల్లో పతనాన్ని గుర్తించే ఏర్పాటు ఉంది. దానికోసం పరికరాన్ని కప్పుకు, నిర్దేశించిన ఎత్తులో బిగించాలి. అప్పుడు అదే పరికరం మండలాల విభజన వంటి ఇతర పనులను పూర్తిగా చేయలేకపోవచ్చు. నెమ్మదిగా గోడకు జారి కూలబడటాన్ని అది వదిలేసే అవకాశం ఉంది. చాప మీద గబుక్కున కూర్చోవడాన్ని పతనంగా భావించే అవకాశమూ ఉంది. నేల మీద కూర్చుని కూరగాయలు తరిగే, పూజ చేసే, నేల మీదే పడుకునే అలవాటున్న ఇళ్లలో తప్పుడు హెచ్చరికలు తప్పవు. రోజుకు నాలుగుసార్లు అనవసరంగా ఫోన్ మోగితే ఐదో రోజున దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇవి వైద్య పరికరాలు కావు.

ఇంతకన్నా నమ్మదగినది సాదాసీదా లెక్క. తెల్లవారి ఏడు దాటినా వంటగదిలో ఎవరి జాడా లేకపోతే, స్నానాల గదిలో ఉనికి 40 నిమిషాలు దాటితే పిల్లలకు, పక్కింటివారికి సందేశం వెళ్లేలా ఏర్పాటు చేసుకోవచ్చు. దీనికి మామూలు ఉనికి సెన్సర్ చాలు. స్నానాల గదిలో సెన్సర్‌ను షవర్ ధారకు దూరంగా, తడి తగలని చోట పెట్టాలి. పడే నీటి ధార కూడా రాడార్‌కు కదలికే. పెద్దవారి స్నానాల గదిలో దీపాన్ని పూర్తిగా ఆర్పే అధికారం ఏ సెన్సర్‌కూ ఇవ్వకపోవడం మంచిది. అర వాట్ చిన్న బల్బు ఒకటి రాత్రంతా వెలుగుతూ ఉంటే ఏడాదికి రెండు యూనిట్లు కూడా ఖర్చు కాదు.

చిత్రం తీయకపోయినా చెప్పేది చాలానే

ఈ సెన్సర్లు విడుదల చేసే శక్తి మిల్లీవాట్ల స్థాయిలో ఉంటుంది. ఎక్స్-కిరణాల మాదిరిగా కణజాలాన్ని అయనీకరించే శక్తి ఈ తరంగాలకు లేదు. ఆందోళన చెందవలసిన విషయం మరొకటి. ఇల్లు ఏ వేళల్లో ఖాళీగా ఉంటుంది, ఎవరు ఎన్ని గంటలకు నిద్రపోతారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు అన్నది ఈ పరికరం నమోదు చేస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వ్యక్తులు తమ సొంత గృహావసరాలకు చేసే సమాచార వినియోగానికి వర్తించదు. అదే సమాచారం కంపెనీ సర్వర్‌కు చేరినప్పుడు సంగతి మారుతుంది. సమాచారాన్ని ఇంట్లోనే ఉంచే పరికరాన్ని ఎన్నుకుంటే ఈ ప్రశ్నే రాదు. ఇంట్లో పనిచేసేవారికి, అద్దెకున్నవారికి, అతిథులకు గదిలో సెన్సర్ ఉందని చెప్పడం మర్యాద.

బ్లూటూత్ ఉన్న బోర్డులు ఫ్యాక్టరీలో పెట్టిన ఒకే పాస్‌వర్డ్‌తో వస్తాయి. దాన్ని మార్చకపోతే అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్‌వారు తమ ఫోన్ నుంచే దాని అమరికలు మార్చగలరు.

కొన్నాక వెంటనే గోడకు రంధ్రం చేయకూడదు. సెన్సర్‌ను రెండువైపులా అతుక్కునే టేపుతో అంటించి, గదిలో ఎవరూ లేకుండా ఫ్యాన్‌ను ఐదో నంబరులో తిప్పి అరగంట గమనించాలి. తర్వాత ఫ్యాన్ ఆపి ఒకరు కుర్చీలో కదలకుండా పావుగంట కూర్చోవాలి. ఏసీ వేసి, తెరలు తీసి, మళ్లీ చూడాలి. అమ్మేవారి వాపసు గడువు పది రోజులైతే ఈ పరీక్షలన్నీ మొదటి వారంలోనే ముగించాలి. ఖాళీ గదిని ఖాళీ అని చెప్పలేకపోయిన పరికరాన్ని ఆ గడువులోగా తిరిగి పంపేయవచ్చు.